ఒక్క వాయికి ఒక్క పొట్లం

జూన్ 22, 2025, ఆదివారం

విశాఖలో వానలు మొదలయ్యాయంటే బిస్కెట్ల డబ్బాకి గడ్డుకాలమే. పొద్దున్న కాల్చి, పూర్తిగా చల్లారాక మూత బిగించినవైనా సరే, డబ్బా నాలుగుసార్లు తెరిచేసరికి సముద్రపు గాలి లోపలికి చేరుతుంది. మర్నాటి సాయంత్రానికి కరకర పోతుంది. కాలిన బిస్కెట్లో తడి దాదాపు ఉండదు. అందులోని పంచదారకేమో చుట్టుపక్కల ఎక్కడ తేమ ఉన్నా లాక్కునే గుణం. ఇక మెత్తబడక ఏం చేస్తుంది!

నాన్నగారికి నాలుగు గంటల టీతో రెండు బిస్కెట్లు ఉండాలి. ఎనభై దాటాక ఆయన అడిగేవి చాలా తగ్గిపోయాయి. అడిగే ఆ కాస్తా బాగుండాలని నా పట్టుదల. "అమ్మా, బిస్కెట్టు విరిస్తే చప్పుడు రావాలే" అంటారు. కొన్న బిస్కెట్ల ప్యాకెట్ వెనక పామాయిల్ అన్న మాట చదివి పక్కన పెట్టేస్తారు. అలాగని ముగ్గురున్న ఇంట్లో రోజూ పిండి డబ్బా, పంచదార డబ్బా, బేకింగ్ పౌడరు, జల్లెడ, కాటా అన్నీ దించి, ఎనిమిది బిస్కెట్ల కోసం వంటగదంతా పరుచుకోవడం కుదిరే పని కాదు. ఆఫీసు నుంచి వచ్చాక అసలే కాదు.

బాగా ఆలోచిస్తే తేలింది ఇదీ: నిల్వ పెట్టుకోవలసింది బిస్కెట్లు కాదు, బిస్కెట్ల పొడిపిండి. తడి ఉన్న సరుకు ఏదీ చేరకుండా పిండి, పంచదార, ఉప్పు, బేకింగ్ పౌడరు, ఏలకుల పొడి ముందే కలిపి కట్టిపెట్టుకుంటే, కావలసిన రోజున నెయ్యో వెన్నో వేసి కాల్చడమే. మన ఇళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. పసిపిల్లల ఉగ్గుపిండి, సున్నుండలకి వేయించి పట్టించి ఉంచుకునే మినప్పిండి, ఇవన్నీ అలాంటివే. అరిసెలకి మాత్రం ఈ పద్ధతి చెల్లదు. వాటికి తడిపిండే కావాలి, ఆ తడి ఆరిందా, ఇక అరిసె లేదు. బిస్కెట్లకి ఆ పేచీ లేకపోవడం మన అదృష్టం.

జూన్ 24, మంగళవారం

పెద్ద గాజుసీసా నిండా పిండి కలిపి పెట్టుకుని, కావలసినప్పుడల్లా కప్పుతో తీసుకోవడం చాలామంది చేసే పద్ధతి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. చిన్న వాయిలు చేసుకునేవాళ్లకి మాత్రం అది పనికిరాదని నా నమ్మకం. సీసాని కదిలించిన కొద్దీ పలుకులు పైకి తేలతాయి, మెత్తనివి సందుల్లోంచి అడుక్కి జారతాయి. రవ్వ, ఓట్స్, పంచదార పైన. సోడా, మెత్తటి ఉప్పు కింద. సీసా మొత్తం ఒకేసారి వాడేవాళ్లకి దీంతో పనిలేదు. అందులోంచి నూట పాతిక గ్రాములు తీసుకునేవాళ్లకి మొదటి వాయి చప్పగా వస్తుంది, చివరి వాయి సోడా ఎక్కువై సబ్బు రుచి కొడుతుంది.

కాబట్టి ఒక్క వాయికి ఒక్క పొట్లం. దేనికదే విడిగా తూచి, విడిగా కట్టాలి.

కప్పులతో కొలవడం కూడా మానేశాను. అదే కప్పు, అదే మైదా. చెంచాతో వదులుగా పోస్తే 120 గ్రాములు, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. కిలో పిండి కలిపేవాళ్లకి ముప్పై గ్రాములు లెక్కలోకి రావు. ఎనిమిది బిస్కెట్లకి పట్టే పిండే ఎనభై గ్రాములైనప్పుడు ముప్పై గ్రాములంటే మాటలా? కాటా తప్పనిసరి.

కాటాకి లొంగనిది సోడా ఒక్కటే. ఇంట్లో వాడే కాటా గ్రాము కంటే తక్కువ చూపించదు. టీస్పూను సోడా సుమారు ఐదు గ్రాములుంటుంది, చిన్న వాయికి కావలసింది అందులో ఎనిమిదో వంతు. అందుకే దీనికి కొలత చెంచాలు కొనుక్కోవాలి, చాకుతో తలగీసి మరీ పొట్లంలో వేయాలి. తర్వాత ఆ పొట్లంలోని సరుకంతా జల్లెడలో రెండుసార్లు జారవిడవాలి. ఈ జల్లించడం బద్ధకిస్తే బిస్కెట్ మీద గోధుమరంగు చుక్కలు పడతాయి. అవి కలవకుండా ఉండిపోయిన సోడా గింజలు.

జూన్ 29, ఆదివారం

ఇవాళ నాన్ ఖతాయి పొట్లాలు కట్టాను. సూరత్ వైపు నుంచి వచ్చిన ఈ బిస్కెట్ మన ఇళ్లకి చక్కగా సరిపోతుంది. గుడ్డు అక్కర్లేదు, పాలూ అక్కర్లేదు, నెయ్యి ఉంటే చాలు.

పొట్లం ఒక్కింటికి మైదా 60 గ్రాములు, శనగపిండి 15, బొంబాయి రవ్వ 10, పంచదార పొడి 40, బేకింగ్ పౌడరు పావు టీస్పూను, ఉప్పు చిటికెడు, అప్పుడే దంచిన ఏలకుల పొడి. శనగపిండిని ముందు సన్నటి సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చాను. పూర్తిగా అని ఎందుకంటున్నానంటే, వెచ్చగా ఉండగా కవర్లో పోస్తే లోపల ఆవిరి పట్టి చెమ్మవుతుంది. ఆ చెమ్మకి బేకింగ్ పౌడరు పొట్లంలోనే పనిచేయడం మొదలుపెడుతుంది. బేకింగ్ పౌడర్లో సోడా, దాన్ని పొంగించే పులుపు రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య అడ్డుగా ఉండేది కాస్త మొక్కజొన్న పిండి. నీటిబొట్టు తగిలితే ఆ రెండూ కలిసి వాయువు వదిలేస్తాయి. కాల్చేనాటికి ఇక పొంగడానికి ఏం మిగులుతుంది?

కలిపే విధానం కూడా రాసిపెట్టుకోవాలి. నెయ్యి 50 గ్రాములు. ఈ రోజుల్లో మన ఊళ్లో నెయ్యి గిన్నెలో సగం కరిగే ఉంటుంది. అలాగే వేస్తే బిస్కెట్లు ట్రే మీద పరుచుకుపోతాయి. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పూసకట్టిన నెయ్యి చెంచాతో తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు పొట్లం అందులో విప్పాలి. మొదట అంతా పొడిపొడిగా, తడిసిన ఇసుకలా ఉంటుంది. నీళ్లో పాలో పోయాలని చెయ్యి లాగుతుంది. పోయకూడదు. అరచేతి మడమతో ఒత్తుతూ పోతే రెండు మూడు నిమిషాల్లో చేతి వేడికే నెయ్యి పిండిని పట్టుకుంటుంది, ముద్ద మెరుస్తూ దగ్గరపడుతుంది. ఎనిమిది ఉండలు చేసి, నెత్తిన కొద్దిగా నొక్కి, పిస్తా పలుకు గుచ్చాలి. 170 డిగ్రీల దగ్గర పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. పైన బీటలు వారితే సరిగ్గా వచ్చినట్టు. ఓవెన్‌లోంచి తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి. చల్లారాక గట్టిపడతాయి కాబట్టి ఇంకా కాలలేదనుకుని మళ్లీ లోపల పెట్టకూడదు.

నాన్నగారు ఒకటి విరిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. రెండోది అడక్కుండానే తీసుకున్నారు.

జూలై 3, గురువారం

చోడిపిండి పొట్లాలు. చోళ్లు కడిగి, ఎండబెట్టి, మరలో పట్టించింది వదిన పాడేరు నుంచి పంపింది. చోడిపిండి 50 గ్రాములు వేయించి చల్లార్చి, గోధుమపిండి 30, పంచదార పొడి 40, శొంఠి పొడి, ఉప్పు, పావు టీస్పూను బేకింగ్ పౌడరు. కాల్చేరోజు వెన్న 45 గ్రాములు, పాలు ఒకటి రెండు చెంచాలు. చోడిపిండికి జిగురు లేదు. గోధుమపిండి తోడు లేకపోతే బిస్కెట్ చేతిలోకి తీసుకోగానే రాలిపోతుంది.

సజ్జపిండితో మాత్రం పొట్లం కట్టను. సజ్జల్లో నూనె పాలు ఎక్కువ. పట్టించిన కొద్దిరోజులకే చేదెక్కుతుంది. దాన్ని ఏ రోజుకారోజు వాడుకోవలసిందే. గోధుమపిండిలోనూ తవుడు, మొలకభాగం ఉంటాయి కాబట్టి ఆ పొట్లాలు ఫ్రిజ్‌లోనే. మైదా పొట్లాలు బయట రెండు మూడు నెలలు నిశ్చింతగా ఉంటాయి.

జూలై 10, గురువారం

నిన్న మధ్యాహ్నం మొదలైన సింహాచలం గిరిప్రదక్షిణ రాత్రంతా మా ఎంవీపీ కాలనీ మీదుగా సాగింది. ముప్పై రెండు కిలోమీటర్లు. పిల్లల్ని భుజాన ఎత్తుకున్నవాళ్లు, ముసలివాళ్లు, చెప్పుల్లేకుండా, గోవింద నామం చెప్పుకుంటూ వానజల్లులోనే నడిచారు. వీధి పొడవునా మజ్జిగా, పులిహోరా, మంచినీళ్లూ ఇచ్చేవాళ్లు బారులు తీరారు.

చిన్నాన్నగారి కుటుంబం నడుస్తూ వచ్చి, కాళ్లు చాపుకోవడానికని తెల్లవారుజామున మా ఇంటికి చేరారు. ఆరుగురు. టీ పెట్టేలోగా ఓటీజీ ఓవెన్ వేశాను, రెండు నాన్ ఖతాయి పొట్లాలు విప్పాను. పిన్ని తడిసిన చీర మార్చుకుని కూర్చునేసరికి ట్రే బయటికి వచ్చింది. "ఈ వేళప్పుడు వేడివేడి బిస్కెట్లేమిటే, రాత్రంతా నిద్రపోలేదా" అంది పిన్ని. పొట్లం చూపించాను. దాని మీద రాసింది చదివి, "ఇంతేనా!" అని తనకి రెండు కట్టిపెట్టమంది.

మా ఓటీజీ 1200 వాట్లది. ముందు పది నిమిషాల వేడి, తర్వాత కాలడానికి పదిహేను నిమిషాలు. అర యూనిట్ కరెంటు మించదు. కొద్దిపాటి బిస్కెట్ల కోసం ఓవెన్ వెలిగించడం దండగ అనేవాళ్లకి ఈ లెక్క చెబుతాను.

జూలై 19, శనివారం

బెల్లం గురించి ఇక తేల్చేయాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ గంట ప్రయాణంలో ఉంది, దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్లలో ఒకటి. ఆ పక్కనే ఉంటూ బిస్కెట్లలో పంచదారే వాడుతూ కూర్చోవడం నా మనసుకి పట్టదు. చోడిపిండికి బెల్లమే జోడీ, ఆ రుచే వేరు.

అయితే బెల్లంపొడి పంచదార కంటే చాలా త్వరగా తేమ పీలుస్తుంది. అందులో పంచదారతోపాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి, పైగా దానికి సొంత తడి ఉండనే ఉంది. కావాలనే రెండు రకాలుగా కట్టి చూశాను. ఒక పొట్లంలో బెల్లంపొడి పిండిలోనే కలిపాను, ఇంకోదాంట్లో బెల్లం వేరే చిన్న కవర్లో వేసి పెద్ద కవర్లో పెట్టాను. ఇవాళ రెండూ తెరిచాను. కలిపింది చేత్తో నొక్కితే ఉండకట్టింది, అక్కడక్కడా ముదురురంగు మచ్చలు, గోరుతో గీకితే పిండి పొరలుగా ఊడుతోంది. కాలిస్తే పొంగలేదు, అడుగున గట్టి అట్ట కట్టింది. విడిగా ఉంచిన బెల్లం కూడా కొంచెం గడ్డకట్టింది గానీ, చెంచాడు పాలతో వెచ్చచేయగానే కరిగిపోయింది, పిండి మాత్రం పొడిపొడిగా ఉంది. దాంతో చేసినవి చక్కగా వచ్చాయి.

కాబట్టి బెల్లం, కిస్‌మిస్, ఖర్జూరం, బ్రౌన్ షుగర్, తడి ఉన్నవేవీ పిండితో కలవకూడదు. వాటికి వేరే చిన్న కవరు. పలాస జీడిపప్పు ముక్కలదీ అదే దారి, కాకపోతే కారణం వేరు. పప్పులోని నూనె ముక్కవాసన వేస్తే పక్కనున్న పిండికీ పడుతుంది. జీడిపప్పు ఫ్రీజర్లోనే ఉంచి, కాల్చేరోజున గుప్పెడు తీస్తే సరిపోతుంది.

జూలై 27, ఆదివారం

ఆల్ఫ్రెడ్ బర్డ్ గురించి చదివాను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మందుల కొట్టు నడిపిన కెమిస్టు. ఆయన భార్యకి గుడ్డు పడదు, ఈస్ట్ పడదు. ఆవిడ కోసమని 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పౌడరు, 1843లో ఈస్ట్‌తో పనిలేకుండా పొంగే బేకింగ్ పౌడరు తయారుచేశాడు. ఇంట్లో మనిషికి సరిపడని తిండి ఉంటే, ఆమెకి ఇష్టమైనది ఆమె తినగలిగేలా చేయడానికి ఇంత శ్రమపడ్డాడు. గుడ్డు ముట్టని మన ఇళ్లలో కేకులూ బిస్కెట్లూ కాలుతున్నాయంటే అందులో ఆయన శ్రమ ఉంది. ఆయన పేరు మనవాళ్లకి తెలియాలి.

కలిపి ఉంచిన పిండి అమ్మకానికి వచ్చిన కథల్లో ఒకటి రైల్లో మొదలైంది. 1930లో జనరల్ మిల్స్ కంపెనీ ఉద్యోగి కార్ల్ స్మిత్ రాత్రివేళ రైల్లో భోజనం అడిగితే, నిమిషాల్లో వేడి బిస్కెట్లు వచ్చాయట. అమెరికావాళ్ల ఆ బిస్కెట్ మెత్తటి చిన్న రొట్టె. వంటవాణ్ణి అడిగితే, పిండి, కొవ్వు, బేకింగ్ పౌడరు, ఉప్పు ముందే కలిపి చల్లటి పెట్టెలో ఉంచుకుంటానన్నాడు. ఆ మాట పట్టుకుని మర్నాటి ఏడాదికల్లా బిస్క్విక్ అనే ప్యాకెట్ తెచ్చారు. ఆ వంటవాడి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నాకది బాధగా ఉంది. అసలు తెలివి ఆయనదే.

ఆయన పద్ధతిలో కొవ్వు కూడా పిండిలోనే. అందుకే చల్లటి పెట్టె కావలసి వచ్చింది. మన ఎండలకీ ఉక్కకీ నెయ్యి కలిపిన పిండి బయట నిలవదు. నెయ్యిని విడిగా ఉంచడమే మనకి మంచిది.

ఆగస్టు 3, ఆదివారం

మా అమ్మాయి అమ్మలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. కిందటి వారం దానికి పంపిన ఓట్స్ పొట్లం విప్పింది. ఓటీజీ లేదు, ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది.

"అమ్మా, నువ్వు 170 అని రాశావు. పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంది."

"అందులో ఫ్యాను వేడిగాలిని తిప్పుతుందే. 150 పెట్టు, ఉండలు ఇంకాస్త పల్చగా నొక్కు. ఒకేసారి నాలుగే పెట్టు."

"గుడ్డు వెయ్యాలా?"

దానికి కాస్త వివరంగానే చెప్పాను. మామూలు గుడ్డు పెంకు తీస్తే యాభై గ్రాములు. ఎనభై గ్రాముల పిండికి యాభై గ్రాముల గుడ్డు పోస్తే బిస్కెట్ కాదు, కేకవుతుంది. అందుకే చిన్న వాయిలో పచ్చసొన ఒక్కటి వేసుకోవాలి, లేదంటే టేబుల్‌స్పూను పాలు. పొట్లం కట్టేటప్పుడే ఈ సంగతి దాని మీద రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు ప్రతి పొట్లం మీదా నాలుగు సంగతులు తెలుగులోనే రాస్తున్నాను. కట్టిన తేదీ, పైన కలపవలసినవి ఎంతెంత, ఎంత వేడి, ఎన్ని నిమిషాలు. "నాన్ ఖతాయి" అని పేరొక్కటే రాస్తే, నేను ఇంట్లో లేనప్పుడు ఆ పొట్లం ఎవరికీ ఉపయోగపడదు.

రాత్రి మళ్లీ ఫోటో పంపింది. అంచులు ఎర్రగా, మధ్యలో లేతగా. రూమ్మేట్స్ ముగ్గురూ ఇంకో పొట్లం అడుగుతున్నారట.

ఆగస్టు 12, మంగళవారం

పొరుగింటివాళ్ల గోధుమపిండిలో పురుగు పట్టింది. మన పిండిలోకి రాకుండా చూసుకోవాలి. పిండి కొన్నాక, లేదా పట్టించాక, గాలి చొరని కవర్లో మూడు నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీసిన వెంటనే కవర్ విప్పకూడదు. చల్లటి పిండికి గాలిలో తేమ పట్టేస్తుంది. గది వేడికి వచ్చాకే విప్పి, పొట్లాలు కట్టాలి.

పాత బేకింగ్ పౌడరు పనిచేస్తుందో లేదో తెలియాలంటే చెంచాడు వేడినీళ్లలో వేస్తే చాలు, బుసబుసా నురగ రావాలి. సోడాకైతే నిమ్మరసం చుక్కలు. నురగ లేని పౌడరుతో పొట్లాలు కట్టడం అంటే వెన్నా పంచదారా పారబోసుకోవడమే.

ఆగస్టు 24, ఆదివారం

ఉస్మానియా బిస్కెట్ కుదిరింది!

చాలా రోజులుగా ఇది నా మనసులో ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరుతో హైదరాబాద్ బేకరీల్లో వెలిసిన ఈ బిస్కెట్‌కి ప్రాణం దాని ఉప్పు. తీపి నాలుక మీద పడుతుండగానే ఉప్పు అందుకుంటుంది. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్‌లో ముంచుకుని తింటే, మరో కప్పు చెప్పకుండా లేవలేం. నాన్నగారు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు నాంపల్లి దగ్గర ఉన్నారు. సుభాన్ బేకరీ నుంచి కాగితం సంచిలో వేడివేడిగా తెచ్చుకునేవారట. ఆ మాట ఎన్నిసార్లు చెప్పారో.

మైదా 70 గ్రాములు, వెనిలా కస్టర్డ్ పౌడరు 15, పాలపొడి 10, పంచదార పొడి 35, బేకింగ్ పౌడరు పావు టీస్పూను, ఏలకుల పొడి. ఉప్పు మాత్రం ధైర్యంగా పావు టీస్పూను. కస్టర్డ్ పౌడరంటే మొక్కజొన్న పిండి, రంగు, వాసన, అంతే. ఆ పిండి వల్లే బిస్కెట్ పళ్ల కింద గుల్లగా విడిపోతుంది. కాల్చేరోజు ఉప్పు లేని వెన్న 50 గ్రాములు, పాలల్లో నానబెట్టిన కుంకుమపువ్వు నాలుగు రేకులు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, మందంగా ఒత్తి, గుండ్రంగా కోసి, పైన పాలు రాసి, 170 దగ్గర పదిహేను నిమిషాలు. పాలపొడి ఉంది కాబట్టి త్వరగా రంగు తిరుగుతుంది, చివరి మూడు నిమిషాలూ ఓవెన్ ముందు నుంచి కదలకూడదు.

పాలపొడి తేమని బాగా లాగుతుంది కనుక ఈ పొట్లాల్ని విడిగా, బిగువైన స్టీలు డబ్బాలో పెట్టాను.

నాన్నగారు టీలో ముంచి, కళ్లు మూసుకుని తిన్నారు. "ఉప్పు సరిపోయింది" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. సెలవురోజుల్లో తల్లితో వచ్చి, నేను పొట్లాలు కడుతుంటే పక్కన కూర్చుని తూకం చూస్తుంది. ఎంత శుభ్రంగా చూస్తుందో! గ్రాము అటూ ఇటూ పోనివ్వదు. "ఆంటీ, మా ఇంట్లో ఓవెన్ లేదుగా, అక్కడ కుదరదా?" అని అడిగింది.

ఎందుకు కుదరదు? అడుగు మందంగా ఉన్న పాత గిన్నెలో రెండు వేళ్ల ఎత్తున రాళ్ల ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు మీడియం మంట మీద వేడెక్కించాలి. నెయ్యి రాసిన పళ్లెంలో బిస్కెట్లు దూరదూరంగా పేర్చి, స్టాండు మీద పెట్టి, మూత మూసి సెగ తగ్గించాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. పైన ఓవెన్‌లో వచ్చినంత రంగు రాదు గానీ అడుగు చక్కగా ఎర్రబడుతుంది. ఆ ఉప్పు పారేయక్కర్లేదు, చల్లారాక సీసాలో పోసుకుని మళ్లీ ఇదే పనికి వాడుకోవచ్చు.

మా వంటింట్లోనే గిన్నె పెట్టి చేసి చూపించాం. సాయంత్రం రెండు పొట్లాలు పట్టుకెళ్లింది. రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి, "అమ్మగారూ, వీధిలో పిల్లలందరికీ తలా ఒకటి పెట్టిందండి" అంది. ఆ పిల్లకి ఒక కాటా కొనివ్వాలి. తూకం చూసే చెయ్యి ఉంది తనకి.

పచ్చిపిండి రుచి చూస్తానంటే మాత్రం వారించాను. మైదా అయినా గోధుమపిండి అయినా అది పచ్చి సరుకే. కాల్చనిదే నోట్లో పెట్టకూడదు, గుడ్డు లేకపోయినా సరే.

సెప్టెంబర్ 21, ఆదివారం

దసరా దగ్గరపడింది. అమ్మలు వస్తుంది, చిన్నాన్నగారి వాళ్లూ వస్తారు. వర్షం తెరిపిచ్చి ఎండ కాసింది. పొట్లాలు కట్టడానికి ఇలాంటి పొడి రోజే కావాలి. పొయ్యి మీద ఏదీ మరగకుండా చూసుకుని, జల్లెడ, చెంచాలు, గిన్నెలు ఎండలో పెట్టి తుడిచి, పొద్దున్నే కూర్చున్నాను.

ఇన్నాళ్లూ చూశాక అలమరలో ఉంచదగ్గవేవో తేలిపోయింది. నాన్ ఖతాయీ, ఉస్మానియా బయట డబ్బాల్లో ఉంటాయి. చోడిపిండివి ఫ్రిజ్‌లో, బెల్లం కవర్ జతచేసి, నెలలోపు వాడేయాలి. ఓట్స్‌వీ ఫ్రిజ్‌లోనే. చాక్లెట్ ముక్కలు వేసినవాటి జోలికి నేను వెళ్లను. మన వేడికి చాక్లెట్ మెత్తబడి, మళ్లీ గట్టిపడి, పైన తెల్లటి పొడి పూస్తుంది. చాక్లెట్ కావాలన్నవాళ్లు కాల్చేటప్పుడు వేసుకోవడమే మేలు.

కొట్లో దొరికే కుకీ మిక్స్ ప్యాకెట్లు చెడ్డవని నేననను. కానీ ఆ ప్యాకెట్ ఒకేసారి పాతికో ముప్పయ్యో చేయమంటుంది. పెద్దవాళ్లు ఒకరిద్దరే ఉన్న ఇల్లు, హాస్టల్ గది, కొత్తగా కాపురం పెట్టిన జంట, వీళ్లకి పనికొచ్చేది ఎనిమిది బిస్కెట్ల కొలతే. కట్టుకోవడానికి ఆదివారం పూట గంట పని, కాల్చుకోవడానికి ఏ సాయంత్రమైనా అరగంట. ఇంట్లో పెద్దవాళ్లుంటే నాలుగు పొట్లాలు కట్టి చూడండి, అంతకంటే ఎక్కువ మొదట కట్టొద్దు. పిండి వెచ్చగా ఉండగా కవర్ మూయొద్దు, తేదీ రాయకుండా డబ్బాలో వేయొద్దు.